ఈశాన్యం గోడకి పైపు

సిడ్నీ, నోవా స్కోషియా
14 జనవరి 2025, మంగళవారం

శేషగిరి అన్నయ్యకి,

ఇవాళ ఉదయం తొమ్మిది నలభైకి ఆయిల్ కంపెనీ ట్యాంకర్ నీ ఇంటి బేస్‌మెంట్‌లోకి ఆరువందల పైచిలుకు లీటర్ల ఫర్నేస్ ఆయిల్ పోసింది. అక్కడ ట్యాంకు లేదు. అక్టోబరులోనే తీసేశాం. ట్యాంకు ఉండే చోట ఇప్పుడు ధరణి మంచం ఉంది. ఆ సమయానికి ధరణి ఆ మంచం మీద నిద్రపోతోంది. ఇప్పుడు హాస్పిటల్లో ఉంది.

నీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మీటింగ్‌లో ఉన్నానని మెసేజ్ పెట్టావు. అందుకని మెయిల్ రాస్తున్నాను. ఇక ముందు కూడా రాస్తాను. ఫోన్లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను వింటాను. అంతే జరుగుతుంది.

ధరణి అంటే కింద అద్దెకుంటున్న ముగ్గురు అమ్మాయిల్లో ఒకతె. ఖమ్మం పిల్ల. కాలేజీలో చదువుకుంటూ కాఫీ షాపులో నైట్ షిఫ్ట్ చేస్తుంది. పొద్దున షిఫ్ట్ నుంచి వచ్చి పడుకుంది. మిగతా ఇద్దరూ క్లాసులకి వెళ్లారు. నేను నర్సింగ్ హోమ్‌లో డ్యూటీలో ఉన్నాను, మీ బావగారు రాఘవులు వేర్‌హౌస్‌లో ఉన్నాడు.

గోడ బయట రెండు పైపులున్నాయి కదా. ఆయిల్ నింపేది ఒకటి, లోపలి గాలి బయటికి పోయేది ఒకటి. ట్యాంకు తీసినప్పుడు రాఘవులు వాటిని లోపల సీలింగ్ దగ్గర కోసి, గుడ్డ కుక్కి, కింద బోర్డు కొట్టాడు. బయట ముక్కలు అలాగే ఉన్నాయి. డ్రైవర్‌కి పైపు కనబడింది, ఇంటి నంబర్ సరిపోయింది, గొట్టం తగిలించాడు. బోర్డు ఊడి ఆయిల్ ధరణి మొహం మీద పడింది. నోట్లోకి, ముక్కులోకి పోయింది. ఆ అమ్మాయి దుప్పటి లాక్కుంటూ, కాళ్లకి ఏమీ లేకుండా, మంచులోకి పరిగెత్తి డ్రైవర్ చెయ్యి పట్టుకుంది. అప్పుడు ఆపాడు.

ట్యాంకు నిండుతున్నంతసేపూ పైపులోంచి ఈల వినబడాలట. వినబడకపోతే ఆ క్షణమే ఆపాలట. వినబడలేదని డ్రైవర్ ఒప్పుకున్నాడు. మంచు గడ్డకట్టి పైపు మూసుకుపోయిందేమో అనుకున్నాడట. అది అతని తప్పు. కానీ ఆయిల్‌తో వేడి చేసుకోవడం మానేసి కరెంటు హీట్ పంప్ పెట్టించుకున్న ఇంటికి ఆయిల్ ట్యాంకర్ ఎందుకొచ్చింది? ఆ అకౌంట్ నీ పేరు మీద ఉంది. ఆటోమేటిక్ డెలివరీ క్యాన్సిల్ చేశావా లేదా?

ఫైర్ వాళ్లు ఇల్లు ఖాళీ చేయించి సీల్ వేశారు. లైట్ స్విచ్ కూడా ముట్టుకోనివ్వలేదు. పైన ఉండే మేమిద్దరం, కింద ఉండే ఆ ఇద్దరు అమ్మాయిలు నాతో పనిచేసే పద్మిని గారింట్లో ఉన్నాం.

జవాబు రాయి.

అనిత


నార్త్ యార్క్
15 జనవరి 2025

చెల్లాయ్,

నీ మెయిల్ చదివి షాక్ అయ్యాను. మీ వదిన రూప అయితే అన్నం తినలేదు. నువ్వు మాత్రం పేపర్లో పనిచేసిన రోజుల్లోలాగే రాశావు, ఎవరిదో ఇల్లు తగలబడితే రాసినట్టు. అంతా రాశావు గానీ ఇల్లు ఎలా ఉందో రాయలేదు. ఫ్లోరింగ్ పూర్తిగా పోయిందా? గోడల డ్రైవాల్ ఎంత ఎత్తు తడిసింది? మార్చిలో మళ్లీ అమ్మకానికి లిస్టింగ్ పెడదామని ఏజెంట్‌తో మాట్లాడి ఉన్నాను, నీకు తెలుసు.

ఆయిల్ అకౌంట్ నువ్వు క్యాన్సిల్ చేశావనే నేను అనుకున్నాను. ఆ ఊళ్లో ఉన్నది నువ్వు కదా. నవంబరులో కంపెనీకి ఫోన్ చేశానని మెసేజ్ పెట్టావు, నేను బొటనవేలి ఎమోజీ కూడా పెట్టాను.

ఇంకో మాట. ట్యాంకు తీసిన మనిషి పైపులు వదిలేస్తాడా? బావగారు అంత పని చేసి ఆ చివరి పని ఎందుకు చేయలేదు? నేను తప్పు పట్టడం లేదు. అడుగుతారు కదా, రేపు ఎవరైనా. అందుకని అడుగుతున్నా.

డ్రైవర్ ఈల వినాలని నేను కూడా గూగుల్ చేసి చూశాను. అతనికి ఏ ఈలా వినబడలేదని ఖచ్చితంగా అన్నాడా? మీ వంటింట్లో ఆ టైమ్‌కి కుక్కర్ పొయ్యి మీద ఉందా? ఉంటే ఆ విజిల్ విని ట్యాంకే అనుకుని ఉండొచ్చు. ఆలోచించు. అది చాలా పెద్ద పాయింట్ అవుతుంది.

వాసన గురించి భయపడకు. డిటర్జెంట్ వేసి గట్టిగా కడిగి, పైపుతో నీళ్లు కొట్టి కింద డ్రెయిన్‌లోకి తోసేయించు. తర్వాత వారం పాటు రెండు పూటలా సాంబ్రాణి వేయమని రూప చెప్పమంది. వాసనా పోతుంది, దిష్టీ పోతుంది.

911కి ఫోన్ చేసింది ఎవరు? అంత అవసరమా? నన్ను అడగకుండా ఎవరితోనూ ఏమీ మాట్లాడకండి. ఆ అమ్మాయికి మా తరఫున గెట్ వెల్ చెప్పు.

ఫోన్ ఎత్తు.

నీ అన్నయ్య


సిడ్నీ
17 జనవరి 2025

అన్నయ్యా,

నువ్వు అడిగినవాటికి జవాబులు.

911కి ఫోన్ చేసింది డ్రైవర్. మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలిలో ఒళ్లంతా ఎర్రటి ఆయిల్‌తో ఒక ఆడపిల్ల మంచులో మోకాళ్ల మీద కూర్చుని కక్కుకుంటుంటే అతను నిన్ను అడగలేదు. నీ నంబర్ అతని దగ్గర లేదు.

కుక్కర్ సింకులో ఉంది. సోమవారం పప్పు అడుగంటింది, నీళ్లు పోసి నానబెట్టి వెళ్లాను. ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది.

డ్రెయిన్‌లోకి తోయడం గురించి. మేం తోయకముందే కొంత పోయింది. బేస్‌మెంట్ మధ్యలో ఉన్న డ్రెయిన్ వర్షపు నీటి కాలువలో కలుస్తుందని ఇప్పుడు తెలిసింది. పక్కింటి ముసలాయన బేస్‌మెంట్‌లో కూడా వాసన వస్తోంది. వీధిలో మూత తెరిచి మునిసిపాలిటీ వాళ్లు దూదిలాంటి దిండ్లు వేసి ఆయిల్ పీల్పిస్తున్నారు. నీళ్లు కొట్టి ఉంటే మొత్తం వాగులోకి పోయేదని క్లీనప్ కాంట్రాక్టర్ చెప్పాడు.

సాంబ్రాణి గురించి. ఫర్నేస్ ఆయిల్ పెట్రోల్‌లా భగ్గుమనదట. కానీ గుడ్డలో, కార్పెట్‌లో, పరుపులో ఇంకితే అవన్నీ వత్తులే. ఆ గదిలో నిప్పుల పళ్లెం పట్టుకుని తిరగమని చెప్పింది వదిన. నేను ఆ మాట ఫైర్ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పలేదు. సిగ్గేసింది.

పైపులు. ఇది నువ్వు మరిచిపోయావో, మరిచిపోయినట్టు రాశావో నాకు తెలియడం లేదు. అక్టోబరులో హీట్ పంప్ బిగించిన వారం నువ్వు వచ్చావు. విజయవాడ సిద్ధాంతి గారిని వీడియో కాల్‌లో పెట్టి బేస్‌మెంట్ అంతా తిప్పి చూపించావు. ఫోన్లో దిక్సూచి పెట్టుకుని నిలబడ్డావు. ఆయన చెప్పింది ఇది: ఈశాన్యంలో ఇంత బరువు, అందులోనూ మండే నూనె ఉండబట్టే ఇల్లు అమ్ముడుపోవడం లేదు, తీసెయ్యండి. సరే అన్నాం. లైసెన్స్ ఉన్నవాళ్లని పిలిస్తే నెల పడుతుందని, రాఘవులు చేతిలో పనే కదా అని నువ్వే అన్నావు. రాఘవులు ట్యాంకు కోసి బయటపడేశాక, పైపులు కూడా పీకి గోడ పూడ్చేస్తానన్నాడు. వద్దన్నావు. ఈశాన్యాన్ని మూయకూడదని సిద్ధాంతి గారు అన్నారన్నావు. ఆ రెండు రంధ్రాలూ ఇంటికి ముక్కులాంటివని, ముక్కు మూస్తే లక్ష్మి రాదని నువ్వు మెట్ల మీద నిలబడి చెప్పావు. రాఘవులు నవ్వాడు. "బావగారూ, మీరు నవ్వినంత కాలం ఇంతే" అన్నావు. ఆ నవ్వు ఆపి, స్పానర్ సంచిలో వేసుకున్నాడు. నేనక్కడే ఉన్నాను.

నవంబరు మెసేజ్. దాంట్లో నేను రాసింది మళ్లీ చూడు. కంపెనీకి ఫోన్ చేశాను, అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే క్యాన్సిల్ చేయాలంటున్నారు, నువ్వు చెయ్యి అని రాశాను. నువ్వు బొటనవేలు పెట్టావు. చేస్తానని అర్థం చేసుకున్నాను. చూశానని నీ అర్థం అయి ఉండాలి.

ధరణికి ఊపిరితిత్తుల్లోకి ఆయిల్ వెళ్లి వాపు వచ్చింది. ఆక్సిజన్ పెట్టారు. ప్రాణానికి ప్రమాదం లేదంటున్నారు, కానీ ఊపిరితిత్తులు ఎంత మేరకు తేరుకుంటాయో కొన్ని వారాల పాటు చూడాలన్నారు. నిన్న వెళ్లి తల దువ్వాను. రెండుసార్లు స్నానం చేయించినా దువ్వెన జిడ్డుగానే వచ్చింది. ఆ అమ్మాయి అడిగింది ఒకటే. "ఆంటీ, నా పాస్‌పోర్ట్ దిండు కింద ఉంది, తీశారా?" తీశారు. పేజీలు అతుక్కుపోయాయి.

నువ్వు గెట్ వెల్ అన్నావని చెప్పాను.

అనిత


నార్త్ యార్క్
19 జనవరి 2025, ఆదివారం

అనితా,

నీ మెయిల్ కోపంలో రాసిందని నాకు తెలుసు, అందుకే పట్టించుకోను. జరిగిందేదో జరిగింది. ఇప్పుడు ప్రాక్టికల్‌గా ఉండాలి.

నష్టం లెక్కకట్టే ఇన్సూరెన్స్ అడ్జస్టర్‌తో మాట్లాడాను. మనిషి మంచివాడే. సమస్య ఎక్కడుందంటే, పాలసీ తీసుకున్నప్పుడు ఇంట్లో కుటుంబ సభ్యులే ఉంటారని, బేస్‌మెంట్ అద్దెకి లేదని రాశాం. అప్పట్లో నిజమే కదా. తర్వాత అద్దెకి ఈ అమ్మాయిలు వచ్చారు. పైగా ఆ గదికున్న కిటికీ చిన్నది, మనిషి దూరేంత లేదు, బెడ్‌రూమ్‌గా వాడకూడదు. ఈ రెండూ బయటపడితే క్లెయిమ్ మొత్తం పోతుంది. భూమిలో ఇంకిన ఆయిల్ తవ్వించడానికి అయ్యేది ఇంటి ధర కంటే ఎక్కువంటున్నారు. నేను మునిగిపోతాను. నేను మునిగితే మీరు కూడా ఆ ఇంట్లో ఉండలేరు, గుర్తుపెట్టుకో.

అందుకని రూపా నేనూ కూర్చుని ఆలోచించాం. ఆ గది ఈశాన్యం. మనవాళ్ల ఇళ్లలో ఈశాన్యంలో ఏముంటుంది? పూజ గది. అబద్ధం కూడా కాదు, ఈశాన్యంలో దేవుణ్ణి పెట్టాలని మనం అనుకుంటూనే ఉన్నాం. ఆ రోజు ధరణి దీపం పెట్టుకోవడానికి కిందికి వెళ్లింది, నైట్ షిఫ్ట్ చేసి వచ్చింది కాబట్టి అక్కడే నిద్ర పట్టేసింది. ఆమె మీకు తెలిసినవాళ్ల అమ్మాయి, గెస్ట్‌గా వచ్చింది. ఇంతే. ఎవరికీ నష్టం లేదు. ఆమె ట్రీట్‌మెంట్ కాలేజీ ఇన్సూరెన్స్ చూసుకుంటుంది.

సామాన్ల కోసం మిమ్మల్ని అరగంట లోపలికి పంపుతారట కదా. బావగారిని ఆ మంచం, పరుపు తీసేసి మీ హాల్లో ఉన్న పటాలు నాలుగు కింద గోడకి తగిలించమను. వెంకటేశ్వరస్వామిది పెద్ద పటం ఉంది కదా, అది. తూర్పు గోడకి. ఫోటో తీసి నాకు పంపండి.

సిద్ధాంతి గారి గురించి ఎక్కడా ఎత్తొద్దు. పెద్దాయన, ఆయన్ని ఇందులోకి లాగడం పాపం.

నీ జవాబు రాకపోతే సరేనన్నట్టే అనుకుంటాను.

అన్నయ్య


సిడ్నీ
21 జనవరి 2025

అన్నయ్యా,

నీ మెయిల్ ఆదివారం రాత్రి వచ్చింది. సోమవారం నాకు డబుల్ షిఫ్ట్. ఒక్క రోజు జవాబు రాకపోతే నువ్వు సరేననుకుని అడ్జస్టర్‌కి చెప్పేశావు. ఆ సంగతి నాకు ధరణి చెబితే తెలిసింది.

నిన్న మధ్యాహ్నం ఆమెను డిశ్చార్జ్ చేశారు. పద్మిని గారు తమ ఇంటికి తీసుకొచ్చారు. సాయంత్రం అడ్జస్టర్ ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టింది, పద్మిని గారు పక్కనే ఉన్నారు. ఆయన అడిగింది: ఆ రోజు పొద్దున మీరు ఆ గదిలో ఏ ప్రార్థన చేస్తున్నారు, ఎంతసేపు చేస్తారు, దీపం ఎక్కడ పెట్టారు?

ధరణికి నోరు తెరవగానే దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక, "సర్, నేను క్రిస్టియన్‌ని. ఆదివారం చర్చికి వెళ్తాను. మంగళవారం పొద్దున నిద్రపోతాను" అంది.

ఆమె మెడలో శిలువ గొలుసు ఉంటుంది. అక్టోబరులో నువ్వు వచ్చినప్పుడు నీకు టీ ఇచ్చింది ఆ అమ్మాయే. నువ్వు ఫోన్ చూసుకుంటూ తీసుకున్నావు.

రాత్రి నేను డ్యూటీ నుంచి వచ్చాక ఆమె నన్నడిగింది. "నేను అద్దెకి లేనని అంకుల్ చెప్పారా ఆంటీ?" అవునన్నాను. "మరి నేను ఎక్కడున్నట్టు?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. అడ్రస్ మార్చుకోవడానికి కాలేజీ వాళ్లు పాత ఇంటి కాగితం అడుగుతున్నారు. ఊపిరితిత్తులకి ముందు ముందు ఏదైనా అయితే ఎవరి మీద క్లెయిమ్ వేయాలో లీగల్ ఎయిడ్ వాళ్లు అడుగుతున్నారు. ఆ గదిలో అద్దెకుందని తేలితేనే వాటికి జవాబులుంటాయి. నువ్వు దాన్ని పూజ గది చేసి ఆ పిల్లని అందులోంచి తీసేశావు.

పటాల సంగతి రాఘవులుకి చదివి వినిపించాను. "ఆ గదిలోకి నన్ను మాస్కు లేకుండా వెళ్లనివ్వరు. దేవుడికి కూడా ఒక మాస్కు పంపమను" అన్నాడు.

అరగంట లోపలికి వెళ్లాం. పై అంతస్తుకి కూడా వాసన ఎక్కింది. బియ్యం డబ్బా మూత తీస్తే ఆయిల్. కారం డబ్బా మూత తీస్తే ఆయిల్. నా చీరలన్నీ బయటపడేయడమే. డ్యూటీకి అరువు బట్టలతో వెళ్తున్నాను, అయినా నర్సింగ్ హోమ్‌లో ఒక పెద్దావిడ నేను అన్నం తినిపిస్తుంటే మొహం తిప్పుకుంది. ఆవిడ తప్పేం లేదు. ఈ వాసన చర్మంలోకి పోతుంది.

మంచం అక్కడే ఉంది. పటాలు తగిలించలేదు. ఫోటో పంపడం లేదు.

అనిత


నార్త్ యార్క్
22 జనవరి 2025

అనితా,

ఆ అమ్మాయి క్రిస్టియన్ అని నాకు ముందే ఎందుకు చెప్పలేదు? చెప్పి ఉంటే వేరే ఏదైనా అనేవాణ్ణి. ఇప్పుడు అడ్జస్టర్ ముందు నేను ఫూల్ అయ్యాను. బట్టలు ఉతుక్కునే గది అంటే సరిపోయేది. డ్రయ్యర్‌లో బట్టలు వేసి కూర్చుని కునుకు తీసిందంటే ఎవరు కాదంటారు? ఇంకా టైమ్ ఉంది, ఆ విధంగా సర్దుకోవచ్చు. పూజ అన్నది నా మిస్‌అండర్‌స్టాండింగ్ అని చెబుతాను.

నాకు అర్థమవుతోంది. మీరంతా కలిసి ఆ పిల్లని ముందు పెట్టి నా మీద కేసు వేయించాలని చూస్తున్నారు. పద్మిని ఎవరు? ఆవిడ ఎందుకు పక్కన కూర్చుంటుంది? బావగారికి మొదట్నుంచీ నా మీద ఏదో ఉంది. హాల్లో కూర్చున్నప్పుడల్లా నవ్వుతాడు.

నేను చెప్పకూడదనుకున్నాను గానీ చెబుతున్నాను. ట్యాంకు కోసింది బావగారు. ఆయనకి లైసెన్స్ లేదు. ఈ దేశంలో అది నేరం. నేను కోయమన్నట్టు ఎక్కడా రాసి లేదు. నేను టొరాంటోలో ఉండేవాణ్ణి, సిడ్నీలో ఇంట్లో ఎవరేం చేశారో నాకెలా తెలుస్తుంది? ఇలా చెబితే ఏమవుతుందో ఆలోచించు. ఆయన సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఈ ఏడాదే అన్నావు కదా.

నేను అలా చెప్పను. చెప్పే మనిషిని కాదు. మీరు ఆ గదిలో ఎవరూ అద్దెకి లేరని ఒక్క ముక్క చెప్పండి చాలు. ఇల్లు బాగయ్యాక పైన పోర్షన్ మీకే, ఎన్నేళ్లయినా. రూప కూడా అదే అంది. వదిన మిమ్మల్ని ఎప్పుడూ వేరుగా చూడలేదు.

ఫోన్ చెయ్యి. ఇవన్నీ రాసుకునే విషయాలు కావు.

అన్నయ్య


సిడ్నీ
25 జనవరి 2025, శనివారం

అన్నయ్యా,

రాఘవులు నిన్న ఫైర్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లాడు. నేను పంపలేదు. నీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే సగంలో లేచి జాకెట్ వేసుకున్నాడు. ట్యాంకు నేనే కోశాను, నాకు లైసెన్స్ లేదు, పైపులు పీకకుండా వదిలేశాను అని చెప్పాడు. ఎవరు వదిలేయమన్నారని ఆయన అడిగాడు. మా బావమరిది అన్నాడు. ఎందుకని అడిగాడు. ఈశాన్యం అంటే ఏమిటో ఆయనకి ఇంగ్లీషులో చెప్పడానికి రాఘవులుకి ఇరవై నిమిషాలు పట్టిందట.

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదట. ఇలాంటివి తను ముందు కూడా చూశానన్నాడు. వాస్తు కారణంగా కాదు, బద్ధకం వల్ల, మరుపు వల్ల. ట్యాంకు తీసిన రోజే బయట పైపు కూడా తీసేయాలి, గోడ పూడ్చాలి, కంపెనీకి చెప్పాలి. ఈ మూడూ కలిపితేనే ట్యాంకు తీసినట్టు అన్నాడట. డ్రైవర్ దృష్టిలో పైపు ఉందంటే ట్యాంకు ఉన్నట్టే.

రాఘవులుకి జరిమానా పడొచ్చు. సిటిజన్‌షిప్ సంగతి లాయర్‌ని అడిగాం. దాచితే నష్టం, చెప్పినందుకు కాదు అన్నాడు. నువ్వు ఆ మాట ఎత్తావు కాబట్టి రాస్తున్నాను, భయపడి కాదు.

నువ్వు మునిగిపోతావన్నావు. అది నిజమే కావచ్చు. క్లెయిమ్ రాకపోతే ఇల్లు పోతుంది, మీ కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు, నీ ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో తెలియదు. నీకు కష్టమే. నేను కాదనడం లేదు. కానీ నీ నాలుగు ఉత్తరాలు... కాదు, మూడు. ఆ మూడూ మళ్లీ చదివాను. ఫ్లోరింగ్ గురించి అడిగావు. డ్రైవాల్ గురించి అడిగావు. మార్చి లిస్టింగ్ గురించి రాశావు. ధరణికి ఊపిరి ఆడుతోందా అని ఒక్కసారి కూడా అడగలేదు. నాకు నీ మీద కోపం రావడం లేదు. రోత పుడుతోంది. ఆ మాట నేను నా అన్నకి రాస్తానని అనుకోలేదు.

అడగలేదు గానీ చెబుతున్నాను. మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కుతోంది. కాఫీ షాపులో నిలబడే పని కుదరదు. రాత్రిళ్లు ముక్కులో ఆయిల్ వాసన వస్తోందని లేస్తోంది, నిజంగా ఉందో లేదో ఆమెకే తెలియడం లేదు. గది కావాలని అడుగుతోంది, కానీ బేస్‌మెంట్ అయితే వద్దంటోంది. ఇక్కడ స్టూడెంట్లకి దొరికేవన్నీ బేస్‌మెంట్లే.

కిందటి వారం నువ్వు ఆమెను గెస్ట్ అన్నావు. ఈ వారం బట్టలు ఉతుక్కోవడానికి వచ్చిన మనిషిని చేశావు. ఆమె సెప్టెంబరు నుంచి ఆ ఇంట్లో ఉంది. ఫ్రిజ్‌లో ఆమెకొక అర ఉంది. నేను చెప్పబోయేది ఇదే. ఇందులో ఒక్క ముక్క కూడా తగ్గించను.

అడ్జస్టర్, ఇన్‌స్పెక్టర్ కలిసి గురువారం, ముప్పయ్యో తారీకు, అందరి స్టేట్‌మెంట్లూ తీసుకుంటున్నారు. మునిసిపల్ ఆఫీసు పక్కన ఫైర్ హాల్లో. పది గంటలకి మొదలు. మొదట ఇంటి ఓనర్‌ని పిలుస్తారట. నీకు మెయిల్ వచ్చి ఉంటుంది.

రా. వీడియోలో కాదు. ఆ గదిని ఒకసారి చూడు.

అనిత


నార్త్ యార్క్
27 జనవరి 2025

అనితా,

నీ మాటలు రూపకి చదివి వినిపించలేదు. వినిపించదగినవి కావు. ఒక పరాయి పిల్ల కోసం సొంత అన్నని రోత అన్నావు. సరే.

ఊపిరి ఆడుతోందా అని అడగలేదన్నావు. హాస్పిటల్లో ఉందంటే డాక్టర్లు చూసుకుంటారని ఎవరికైనా తెలుస్తుంది. నేను ఆమె గురించి ఆలోచించలేదని నువ్వెలా అంటావు?

వస్తున్నాను. బుధవారం సాయంత్రం ఫ్లైట్, హాలిఫాక్స్ మీదుగా. లాయర్‌తో మాట్లాడాను. గురువారం నేను చెప్పాల్సింది నేను చెబుతాను. బావగారు తొందరపడి వెళ్లి వాగినంత మాత్రాన అయిపోలేదు. ఆయన చెప్పింది ఆయన మాట. నేను ట్యాంకు తీయమన్నానే గానీ కోయమనలేదు. లైసెన్స్ ఉన్నవాళ్లని పిలుస్తాడనుకున్నాను. పైపుల సంగతి నాకు గుర్తులేదు. కింద ఎవరు పడుకుంటున్నారో నా దాకా రాలేదు, అద్దెలు చూసుకునేది నువ్వు. ఇంటి ఓనర్ ముందు చెప్పింది వేరు, తర్వాత వచ్చినవాళ్లు చెప్పింది వేరు. నీకు తెలియనిది కాదు. అందుకే మొదట నన్ను పిలవడం ఒక రకంగా మంచిదే అనుకున్నాను.

కానీ సిద్ధాంతి గారికి ఫోన్ చేస్తే గురువారం పది నుంచి దాదాపు పదకొండు దాకా దుర్ముహూర్తం అన్నారు. ఇంత పెద్ద వ్యవహారం ఆ టైమ్‌లో మొదలుపెట్టకూడదు, నోటి నుంచి వచ్చిన మాట నిలబడదు అన్నారు. పోయినసారి ఆయన మాట సగమే విన్నాం కాబట్టే ఇలా అయింది. ట్యాంకు తీసిన చోట మనిషిని పడుకోబెట్టమని ఆయన చెప్పలేదు కదా.

అందుకని అడ్జస్టర్‌కి రాసి నా స్లాట్ పదకొండున్నరకి మార్పించుకున్నాను. ఒప్పుకున్నారు. ఫ్లైట్ అలసట అని కారణం చెప్పాను. నువ్వు కూడా అదే చెప్పు.

మీ దగ్గర దిగను. హోటల్ తీసుకున్నాను.

శేషగిరి


సిడ్నీ
28 జనవరి 2025, మంగళవారం

అన్నయ్యా,

నీ మెయిల్ అందింది.

అద్దెలు చూసుకునేది నేను కాదు. అమ్మాయిలు ముగ్గురూ ప్రతి నెలా నీ అకౌంట్‌కే పంపుతారు. ఆ సంగతి వాళ్లే చెబుతారు.

ఇవాళ పొద్దున అడ్జస్టర్ ఆఫీసు నుంచి కొత్త షెడ్యూల్ వచ్చింది. నువ్వు వదులుకున్న పది గంటల స్లాట్‌లో ఎవరొస్తారని అడిగారు. ధరణి వస్తానంది. ఎక్కువసేపు మాట్లాడితే దగ్గు వస్తుంది కాబట్టి అలసిపోక ముందే అయిపోతే నయమని ఆమె ఉద్దేశం. పద్మిని గారు తీసుకొస్తారు. ఫైర్ హాల్‌కి మెట్లున్నాయి, కాబట్టి పావుగంట ముందే బయలుదేరుతున్నారు.

ఆమె తర్వాత ఆయిల్ ట్యాంకర్ డ్రైవర్. ఆ తర్వాత రాఘవులు. పదకొండుకి నేను.

పదకొండున్నరకి నిన్ను పిలుస్తారు. అప్పటికి మేం నలుగురం చెప్పడం అయిపోయి, బయట బెంచీ మీద కూర్చుని ఉంటాం.

అనిత